బ్యాటరీ కోసం ప్రమాణం

మా అన్నయ్యకు ఉన్నట్టుండి పాత వస్తువుల మీద ప్రేమ పుట్టింది. మనుషుల మీద కాదు, వస్తువుల మీదే. నాన్న పోయాక రేకుల షెడ్డులో మిరపకాయల గోతాల వెనక పడి ఉన్న తెల్ల అంబాసిడర్ కారు ఒకరోజు ఆయన కంటికి "క్లాసిక్"గా కనబడింది. అంతకుముందు రోజు దాకా అదే కారు ఆయన నోట డొక్కు. మధ్యలో జరిగిందేమిటంటే, గుంటూరులో ఎవరో నాయకుడి ఇంట్లో పెళ్ళికి వెళ్ళి, కొత్త దంపతుల్ని పాత అంబాసిడర్‌లో ఊరేగించడం చూసి వచ్చాడు. జనం ఫోన్లు ఎత్తిపట్టుకుని ఆ కారు చుట్టూ మూగారట. మా అన్నయ్య ఒకప్పుడు సర్పంచి. ఇప్పుడు మాజీ. జనం మూగే చోటు ఎక్కడున్నా ఆయనకు ప్రాణం లేచి వస్తుంది.

నిజానికి ఆ కారు బతికి ఉందంటే అది మా డ్రైవరు పుణ్యం. నాన్న కారు కొన్ననాటి నుంచీ దాన్ని నడిపింది ఆయనే. ఊళ్ళో అందరూ సాయిబు అంటారు, మేం మాత్రం చిన్నప్పటి నుంచీ బాబాయ్ అని పిలుస్తాం. అన్నయ్య కొత్త కారు కొన్నాక దాన్నీ ఆయనే తోలాడు. అయినా వారానికోసారి షెడ్డులోకి వెళ్ళి, పాతదాన్ని స్టార్టు చేసి, గురజాల రోడ్డు దాకా తిప్పి తెచ్చి, గుడ్డతో తుడిచి పెట్టేవాడు. అలా చేయమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చేస్తున్నాడని కూడా మా అన్నయ్యకు తెలియదు.

కారుకు రంగు పడింది. సీట్లకు తెల్ల కవర్లు వచ్చాయి, వెనక సీటు మీద టర్కీ తువ్వాలు వచ్చింది, బంపరుకు జెండా కర్ర వచ్చింది. క్లాసిక్ అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడమని నాకొక భ్రమ ఉండేది. మా అన్నయ్య డాష్‌బోర్డు కోయించి అందులో పలకంత టచ్ స్క్రీను పెట్టించాడు. వెనక సీటు కింద ఆంప్లిఫయరు. డిక్కీలో, నాన్న విత్తనాల బస్తాలు వేసుకొచ్చిన చోట, చిన్నపిల్లవాడు దాక్కోగలిగినంత స్పీకరు పెట్టె. అది మోగితే కారు తలుపులు వణికేవి, కొట్టంలో గేదెలు పలుపుతాళ్ళు గుంజుకునేవి.

ఈ ఘనకార్యం ఎవరు చేశారో కూడా చెప్పాలి. మా వైపు హోటలుకు పార్టీ ఉంటుంది, మందుల షాపుకు పార్టీ ఉంటుంది, పళ్ళు పీకే డాక్టరుకు కూడా పార్టీ ఉంటుంది. పన్నుకు మాత్రమే ఇంకా ఏ పార్టీ లేదు. టౌన్లో కారు సెట్లు బిగించే షాపులు రెండున్నాయి. ఒకాయన ఏళ్ళ తరబడి అదే పని చేస్తున్నాడు, వైరు పట్టుకుంటే ఏది ఎక్కడికి పోతుందో చెప్తాడని పేరు. ఆయన అవతలి పార్టీ. రెండో అతను సీటు కవర్లు కుట్టేవాడు, నంబరు ప్లేట్ల మీద స్టిక్కర్లు అంటించేవాడు, ఈమధ్యే సెట్లు కూడా మొదలుపెట్టాడు. అతను మన పార్టీ. మా అన్నయ్య కారు ఎక్కడికి వెళ్ళిందో వేరే చెప్పక్కర్లేదు.

సెట్టు పెట్టిన కొత్తల్లో మహా వైభవం. మాచర్లలో ఒక పెళ్ళికి, పిడుగురాళ్ళలో ఒక షాపు ప్రారంభానికి, ఆఖరికి ఒక దినానికి కూడా ఆ కారే వెళ్ళింది. దినం దగ్గర పాటలు పెట్టలేదని, అన్నయ్య అదొక పెద్ద సంస్కారంలాగా మా ముందు చెప్పుకున్నాడు.

తర్వాత ఒక పొద్దున కారు స్టార్టు కాలేదు. తాళం తిప్పితే టక్కుమని ఒక చప్పుడు, అంతే. బ్యాటరీ చచ్చిపోయింది. తోస్తే స్టార్టయింది. మర్నాడు మళ్ళీ అదే కథ. అప్పుడు మిరపకాయలు కళ్ళాల్లో ఆరబోసే రోజులు. కూలీలు ముఖానికి గుడ్డ కట్టుకుని కాయలు ఏరుతుంటే, ఇస్త్రీ చొక్కాల పెద్దమనుషులు నలుగురు ఘాటుకు తుమ్ముకుంటూ మా అన్నయ్య కారును వీధిలో తోసేవాళ్ళు. ఆయన స్టీరింగు ముందు కూర్చుని, వాళ్ళేదో తనను ఊరేగిస్తున్నట్టు కిటికీలోంచి చెయ్యి ఊపేవాడు. కూలీలు పని ఆపి చూసేవాళ్ళు. జనం మూగాలన్న కోరిక అలా తీరింది.

ఇక పరిశోధన మొదలైంది. సీటు కవర్ల అతను వచ్చి బ్యాటరీ పాతదైపోయిందన్నాడు. కొత్తది వేశారు, అదీ అలాగే పోయింది. డైనమో మెకానిక్ వచ్చి చూసి డైనమో బ్రహ్మాండంగా ఉందన్నాడు. సీటు కవర్ల అతను మళ్ళీ వచ్చి, ఈసారి బాగా ఆలోచించి, బానెట్ మీద దిష్టి తీయించమన్నాడు. తీయించారు. నిమ్మకాయా మిరపకాయలూ కట్టారు. మిరపకాయలకు మా ఇంట్లో కరువు లేదు కాబట్టి గుత్తులు గుత్తులుగా కట్టారు. కారు మాత్రం కదల్లేదు.

ఇంతమంది చూశాక కూడా తప్పు దొరకలేదంటే, మా ఊళ్ళో దానికి ఒకటే అర్థం. తప్పు యంత్రంలో లేదు, మనిషిలో ఉంది. ఏ మనిషో కూడా అన్నయ్య తొందరగానే తేల్చేశాడు. ఒకరోజు ఆ టచ్ స్క్రీను మీద వేలు పెట్టి కెలుకుతుంటే, దానికి కలిపిన ఫోన్ల పేర్లు కనబడ్డాయట. అందులో ఒకటి బాబాయ్ ఫోను.

"ఏందిది? నీ ఫోను ఇందులో ఎందుకుంది?" అని అన్నయ్య నిలదీశాడు.

"మధ్యాన్నం పూట మీరు లోపల అన్నం తింటన్నప్పుడు, ఈడ కూసుని రెండు పాటలు వింటా బాబూ," అన్నాడు బాబాయ్. దాచుకోవాలన్న ఆలోచన కూడా ఆయనకు రాలేదు.

"మధ్యాన్నం విన్నోడివి రాత్రి వినవా? షెడ్డులో పడుకుని తెల్లవార్లూ వింటన్నావ్. బ్యాటరీ తాగేసింది నువ్వే."

"రాత్రిళ్ళు నేను ఇంటికాడే ఉంటా గదా బాబూ."

"ఎవరు చూశారు?"

ఎవరు చూశారన్న ప్రశ్న మా వైపు చాలా పెద్ద ప్రశ్న. చూసినవాడు లేకపోతే ప్రమాణం చేయాలి. గడ్డివాము తగలబడినా, కోడి పోయినా, గట్టు జరిగినా మా ఊళ్ళో చివరికి తేలేది అక్కడే. పదిమంది కూర్చుంటారు, హిందువైతే రామాలయం దగ్గర కర్పూరం ఆర్పుతాడు, ముస్లిమైతే పీర్ల చావిడి గుమ్మం మీద చెయ్యి వేస్తాడు. ప్రమాణం చేసినవాడు గెలిచినట్టు, చేయనివాడు ఒప్పుకున్నట్టు. ఆ తర్వాత ఆ విషయం ఎవరూ ఎత్తకూడదు. ఇప్పుడు ప్రతివాడి జేబులోనూ ఒక స్మార్ట్ ఫోను ఉంది, ప్రతి ఇంటి గోడ మీదా కెమెరా ఉంది. అయినా కారు బ్యాటరీ ఎందుకు చచ్చిందో తేల్చడానికి పీర్ల చావిడికి వెళ్ళిన ఊరు లోకంలో మాది ఒక్కటే అయి ఉంటుంది.

నేనప్పుడు అక్కడ లేను. నరసరావుపేటలో ఒక జూనియర్ కాలేజీలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. జరిగిందంతా మా వదిన ఫోనులో చెప్పింది.

పెద్దమనుషులు బాబాయ్‌ని గుమ్మం ముందు నిలబెట్టి, "ఈ కారులో నేను పాటలు వినలేదు అని చెయ్యి వెయ్యి," అన్నారట.

"రాత్రి వినలేదని వేస్తానయ్యా. అసలు వినలేదంటే ఎట్టా? మధ్యాన్నం విన్నా గదా."

"షరతులు పెట్టి ప్రమాణం చేసేదేంది? వేస్తే వెయ్యి, లేకపోతే లేదు."

ఆయన వెయ్యలేనన్నాడట. పెద్దమనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకుని తలలూపారు. తీర్పు అయిపోయింది. బాబాయ్ కారు తాళం తీసి చావిడి అరుగు మీద పెట్టి ఇంటికి వెళ్ళిపోయాడు. నాన్న చేతిలోంచి తీసుకున్న తాళం అది. ఆ రోజు నుంచి ఊళ్ళో చిన్నాపెద్దా ఆయన్ని చూసి, "ఏంది సాయిబూ, ఇయ్యాల ఏ పాట?" అని నవ్వడం మొదలుపెట్టారట. ఆయన టీ తాగడానికి కూడా బయటికి రావడం మానేశాడు.

వదిన మాటలు వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. "సరే, ఆయన పోయాడు గదా. ఇప్పుడు కారు స్టార్టవుతోందా?" అని అడిగాను.

"యాడ! నిన్న కూడా తోశారు."

"మరి ఇప్పుడెవరు వింటున్నారట రాత్రిళ్ళు?"

"పోతా పోతా ఏదో చేసిపోయాడంటన్నాడు మీ అన్న."

ఆ ఆదివారం కరెంటు కొలిచే మల్టీమీటరు సంచిలో వేసుకుని బస్సెక్కాను. తప్పు కారులోనే ఉందని రుజువు చేస్తే బాబాయ్ మీద పడ్డ నింద పోతుందని, మళ్ళీ ఆయన ఊళ్ళో తలెత్తుకుని తిరుగుతాడని నా నమ్మకం. అంత చదువుకుని కూడా నేను మా ఊరిని అంత తక్కువగా అంచనా వేశాను.

నన్ను చూసి అన్నయ్య పెద్దగా నవ్వాడు. "ఒరేయ్, మా ఇంజనీరు గారొచ్చారు, కుర్చీ వెయ్యండ్రా!" అన్నాడు. నేను ఇంజనీరును కాదని ఆయనకు తెలుసు. ఆడవాళ్ళు బానెట్ ఎత్తితే మగవాళ్ళు ఏదో ఒకటి అనకుండా ఉండలేరు. ఆయన కుర్చీలోనే కూర్చుని, తనను చూడటానికి వచ్చిన వాళ్ళకు నన్ను చూపిస్తూ టీ తాగాడు.

పని కష్టమైందేమీ కాదు. తాళం తీసేశాను, స్క్రీను ఆపేశాను, తలుపులన్నీ మూశాను. బ్యాటరీకి ఉన్న ఒక తీగ విప్పి, దానికీ బ్యాటరీకీ మధ్య మీటరు పెట్టాను. ఆపేసి ఉన్న కారులో కరెంటు పోకూడదు. సెట్టు తన లెక్కలు గుర్తు పెట్టుకోవడానికి ఏదో చీమ తిన్నంత పోవచ్చు. మీటరు చూస్తే చీమ కాదు, ఏనుగే తింటోంది. కారులో దీపం లేదు, పాట లేదు, ఫ్యాను లేదు. అయినా బ్యాటరీలోంచి కరెంటు ధారగా పోతూనే ఉంది.

కొత్తగా వేసిన తీగలను ఒక్కొక్కటే ఊడదీస్తూ వచ్చాను. స్క్రీను తీగ తీసినా అంకె తగ్గలేదు. వెనక సీటు కిందికి పోయే లావు తీగ తీయగానే అంకె పడిపోయింది. సీటు ఎత్తి ఆంప్లిఫయరు మీద చెయ్యి పెట్టాను. రాత్రంతా ఎవరూ ముట్టని కారు, మంచు ఇంకా వదలని పొద్దు, అయినా ఆ ఇనప పెట్టె గోరువెచ్చగా ఉంది. ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళిన పక్కలాగా ఉంది.

దానికి ఒక సన్నని నీలం తీగ ఉంటుంది. సెట్టు మేలుకుంటే ఆంప్లిఫయరును లేపేది, సెట్టు పడుకుంటే దాన్ని పడుకోబెట్టేది ఆ తీగే. అది సెట్టుకు కలపాలి. మన పార్టీ మనిషి దాన్ని తిన్నగా బ్యాటరీ తీగకే చుట్టి, పైన నల్ల టేపు వేశాడు. అందుకని ఆ పెట్టెకు నిద్ర లేదు. పాట వచ్చినా రాకపోయినా అది రాత్రీ పగలూ మేలుకునే ఉంది, బ్యాటరీని తింటూనే ఉంది. ఇంకో సంగతి కూడా బయటపడింది. సెట్టును కారు తాళానికి కలపాల్సిన తీగను కూడా తాళానికి కలపలేదు, దాన్నీ తెచ్చి అక్కడే చుట్టాడు.

"వదినా, కారు తాళం తీసేసినా పాటలు మోగుతాయా?" అని అడిగాను.

"మోగవా మరి! తాళం మీ అన్న జేబులో ఉన్నా మోగుద్ది. అదే గదా గొప్ప. పెళ్ళి కాడ బండి ఆపి, ఈయన లోపలికి పోయి అక్షింతలేసి వచ్చేదాకా బయట మోగుతానే ఉంటది."

అన్నయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. నేను సీటు కవర్ల అతనికి ఫోను చేసి, అందరూ వినేటట్టు స్పీకరు పెట్టాను. ఆ తీగలు అలా ఎందుకు కలిపావని అడిగాను.

"నేనేం చేసేదమ్మా! తాళంతో పనిలేకుండా మోగాల్సిందే అని అన్నే పట్టుబట్టాడు. బ్యాటరీ దిగిద్దేమో అన్నా అని చెప్పా. దిగితే నేను చూసుకుంటాలే, నువ్వు బిగించు అన్నాడు," అన్నాడు అతను.

అన్నయ్య లేచి వచ్చి నా చేతిలోంచి ఫోను లాక్కుని ఆపేశాడు. "వాడికి పని చేతగాక ఏదేదో కూస్తన్నాడు," అన్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

తీగలు రెండూ ఉండాల్సిన చోట పెట్టి, టేపు చుట్టి, సీటు మూశాను. ఆ పూటకు కారు తోయించి స్టార్టు చేసి, బ్యాటరీ నిండేదాకా తిప్పించాను. మర్నాడు పొద్దున తాళం ఇలా తిప్పానో లేదో అలా స్టార్టయింది. తోయడానికి వచ్చిన పెద్దమనుషులు పని లేక నిరాశగా నిలబడ్డారు. ఇంక తప్పదన్నట్టు అన్నయ్య బాబాయ్‌కి కబురు పంపాడు. ఆ కబురు కూడా ఎంత దర్జాగా ఉందంటే, "వచ్చి తాళం తీసుకోమను, నేనేం మనసులో పెట్టుకోలేదులే," అట!

బాబాయ్ వచ్చాడు. ఇంటికి రాలేదు, రామాలయం అరుగు దగ్గరికి వచ్చి, చావిడి దగ్గర తనకు తీర్పు చెప్పిన ఆ పెద్దమనుషుల్నే పిలిపించాడు. గడ్డం మాసి, మనిషి చిక్కిపోయి ఉన్నాడు.

"నన్ను పదిమందిలో అడిగారు. అదే పదిమందిలో చెప్పండి బాబూ. ఆ తీగ అట్టా పెట్టమని మీరు చెప్పారా, లేదా?"

అన్నయ్య తప్పించుకుంటాడని, నీళ్ళు నములుతాడని నేననుకున్నాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కర్పూరం తెమ్మన్నాడు. పళ్ళెంలో వెలిగించారు. "ఆ తీగ సంగతి నాకేమీ తెలవదు, నేను చెప్పలేదు, రాముడి సాక్షి," అని అరచేత్తో టపుక్కున ఆర్పేశాడు. ఆర్పి, చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. ముఖం మీద ఈగ వాలితే తోలుకున్నంత సులువుగా జరిగిపోయింది ఆ పని.

"అన్నయ్యా, నిన్న నీ ముందే గదా అతను ఫోనులో చెప్పింది! మేమంతా విన్నాంగా!" అని అరిచాను.

పెద్దమనుషుల్లో ఒకాయన నావైపు చెయ్యి చాపి ఆపాడు. "ప్రమాణం అయిపోయినాక ఇంక మాటేందమ్మా? మీ అన్న ధైర్యంగా చేశాడు. సాయిబు చెయ్యలేకపోయాడు. అంతే గదా," అన్నాడు. మిగతావాళ్ళు అవునన్నారు. ఒకాయన మా అన్నయ్య భుజం కూడా తట్టాడు. నా మీటరు, నా నీలం తీగ, వెచ్చటి ఇనప పెట్టె, వీటిలో ఏదీ ఆ అరుగు ఎక్కలేకపోయింది. ఇన్నేళ్ళు పిల్లలకు రుజువు అంటే ఏమిటో చెప్పుకుంటూ బతికిన నాకు అక్కడ నిలబడటానికే సిగ్గేసింది.

అన్నయ్య తాళం చాపాడు. బాబాయ్ తీసుకోలేదు. "మీ కాడే ఉంచండి బాబూ," అని మెట్లు దిగాడు.

నేను ఆ పూట ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకుండా సంచి తీసుకుని బయల్దేరాను. రోడ్డు దాకా బాబాయ్ తోడు వచ్చాడు. వద్దంటున్నా సంచి ఆయనే పట్టుకున్నాడు. కళ్ళాల పక్కన నడుస్తుంటే మిరప ఘాటుకు ఇద్దరం దగ్గాము. దగ్గు ఆగాక ఆయనే అడిగాడు.

"అసలు ఏమైందమ్మా ఆ బండికి? నాకు అర్థమయ్యేటట్టు చెప్పు."

చెప్పాను. సీటు కింద పెట్టె నిద్రపోకుండా ఉండేదని, రాత్రంతా బ్యాటరీని అదే తినేదని.

"అయితే నేను మధ్యాన్నం విన్న పాటల వల్ల కాదా?"

"కాదు బాబాయ్."

"కొంచెం కూడానా?"

"కొంచెం కూడా కాదు. నువ్వు విన్నంత సాయంత్రం బండి తోలేసరికి మళ్ళీ నిండేది."

ఆయన ఆగిపోయాడు. సంచి కింద పెట్టి, భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. "చానా రోజుల నుంచి నిద్ర లేదమ్మా నాకు. పెద్దాయన బండి, నా చేతులారా నేనే చెడగొట్టానేమో అనుకున్నా. అందుకే చావిడి కాడ గట్టిగా మాట్లాడలేకపోయా," అన్నాడు.

నాకు ఏడుపు వచ్చింది, దాని మీద కోపం వచ్చింది. "మరిప్పుడు తెలిసింది గదా! పద వెనక్కి. వాళ్ళందరి ముందే చెయ్యి వెయ్యి. ఊళ్ళో నిన్ను చూసి నవ్వినవాళ్ళ నోళ్ళు మూతపడతాయి," అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"వాళ్ళు అడిగింది పాట విన్నావా లేదా అని గదమ్మా. విన్నా గదా."

గురజాల వెళ్ళే ఆటో వచ్చింది. సంచి లోపల పెట్టి, నన్ను బస్టాండులో జాగ్రత్తగా దింపమని ఆటో అతనికి చెప్పాడు.